గోడలు దాచిన రవెన్నా

శుక్రవారం

ఇటలీ వెళ్ళిన మనవాళ్ళు ఎక్కువమంది రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ చూసి తిరిగొస్తారు. మూడూ చూడాల్సినవే. కానీ రోమ్ సామ్రాజ్యం ఆఖరి రోజుల్లో ఎలా ఉండేదో, అది కూలాక ఇటలీని ఎవరు ఏలారో కళ్ళారా చూడాలంటే రవెన్నాకే వెళ్ళాలి. ఐదు, ఆరు శతాబ్దాల నాటి గోడలు, వాటి మీద రంగు రాళ్ళు, గాజు ముక్కలు పొదిగి చేసిన అప్పటి మొజాయిక్ చిత్రాలు ఇన్ని ఒకే ఊళ్ళో మిగలడం యూరప్‌లో మరెక్కడా లేదు. వాటిలో ఎనిమిది కట్టడాలను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మా అన్నయ్య కూతురు బొలోన్యాలో చదువుకుంటోంది. ఈమధ్య మన తెలుగు పిల్లలు బొలోన్యా, పాదువా, మిలాన్ యూనివర్సిటీలకు బాగానే వెళ్తున్నారు. "అత్తా, వచ్చేదేదో సెప్టెంబర్ రెండో ఆదివారం కలిసొచ్చేలా రా. ఆ రోజు రవెన్నాలో మహాకవి డాంటే సమాధి దగ్గర దీపానికి నూనె పోస్తారు" అని ముందే చెప్పింది. ఆ తేదీ చూసుకునే టికెట్లు తీసుకున్నాను.

బొలోన్యా నుంచి రవెన్నాకు రైల్లో గంటంపావు. దారి పొడవునా చదును నేల, పళ్ళతోటలు, ద్రాక్షతోటలు, మధ్యమధ్య కట్టలు పోసిన కాలవలు. ఈ నేలకు నీటితో ఎప్పుడూ పోరాటమే. 1883లో ఇక్కడి కూలీలంతా కలిసి సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే రోమ్ దగ్గర ఓస్తియా బురదనేలల్లో నీళ్ళు తోడి సాగులోకి తెచ్చే పనికి వెళ్ళారు. 2023 మేలో పెద్ద వరద వచ్చినప్పుడు, ఊరు మునగకుండా ఉండటానికి ఇక్కడి ఒక సహకార సంఘం తన పొలాల్లోకి నీళ్ళు మళ్ళించడానికి ఒప్పుకుంది. పైరు మీద ఉన్న పొలాలవి. ఆ సంగతి మా మేనకోడలు రైల్లో చెబుతుంటే కిటికీలోంచి చూసే చూపే మారిపోయింది.

రవెన్నాను రాజధాని చేసింది కూడా ఈ నీళ్ళే. గోతులనే జర్మానిక్ జాతిలో ఒక శాఖ అయిన విసిగోతుల రాజు అలారిక్ ఉత్తర ఇటలీ మీద పడినప్పుడు పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్ మిలాన్‌లో ఉండేవాడు. అక్కడ ప్రాణానికి భరోసా లేదని 402లో రవెన్నాకు మారాడు. చుట్టూ బురదనేలలు, మడుగులు. శత్రువు గుర్రాలు దిగబడిపోతాయి. పక్కనే క్లాస్సే రేవు. అగస్టస్ కాలంలో అక్కడ 250 ఓడలు నిలిచే వీలుండేదట. నేల వైపు నుంచి ఎవరు ముట్టడించినా సముద్రం వైపు నుంచి తిండి వస్తూనే ఉంటుంది.

తరువాత నదులు ఒండ్రు మోసుకొచ్చి రేవును పూడ్చేశాయి. సముద్రం కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. 751లో మరో జర్మానిక్ తెగ లొంబార్డులు ఊరిని పట్టుకున్నాక రాజధాని హోదా కూడా పోయింది. తరవాత్తరవాత వెనిస్ వాళ్ళు, ఆపైన పోపుల ప్రతినిధులు ఏలారు గానీ, పాతవన్నీ పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టేంత డబ్బూ పట్టుదలా ఉన్న దొరలు ఇక్కడ తక్కువ. రోమ్‌లో చాలా పాత చర్చిలకు అదే జరిగింది. రవెన్నా వెనకబడింది కాబట్టే నిలబడిందని నా అభిప్రాయం.

సాయంత్రం పియాజ్జా దెల్ పోపొలోలో కూర్చున్నాం. 1483లో వెనిస్ వాళ్ళు నిలబెట్టిన రెండు స్తంభాలు ఇంకా ఉన్నాయి. ముసలివాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి, దిగకుండా ఒక కాలు నేలకానించి మాట్లాడుకుంటున్నారు.

శనివారం

పొద్దున్నే గల్లా ప్లాచిడియా సమాధి మందిరం. దీనికి ముందే సమయం బుక్ చేసుకోవాలి, లోపల కొన్ని నిమిషాలే ఉండనిస్తారు. బయటినుంచి చూస్తే ఏమీ లేదు. శిలువ ఆకారంలో చిన్న ఇటుక కట్టడం, పూత కూడా లేదు. తలుపు దాటి లోపలికి అడుగు పెట్టాక కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కాసేపు పట్టింది. ఆ తరువాత నీలం మెల్లగా బయటపడింది. కప్పంతా ముదురు నీలం, దాని మీద ఐదొందలకు పైగా బంగారు నక్షత్రాలు, మధ్యలో బంగారు శిలువ. కిటికీలకు గాజు కాదు, పలుచగా కోసిన అలబాస్టర్ రాతి పలకలు. వెలుగు వాటిలోంచి తేనె రంగులో దిగుతోంది. ఈ పలకలు మాత్రం పాతవి కావు, 1911లో రాజు మూడో విక్టర్ ఇమాన్యుయేల్ ఇచ్చినవి.

తలుపు పైన క్రీస్తు గొర్రెల కాపరిగా కూర్చుని ఉన్నాడు. గడ్డం లేని కుర్రవాడు. చేయి చాచి ఒక గొర్రె మూతిని తాకుతున్నాడు. ఎదుటి గోడ మీద సెయింట్ లారెన్స్ తనను కాల్చబోయే ఇనప జల్లెడ వైపు భుజాన శిలువ వేసుకుని గబగబా నడుస్తున్నాడు. అటు పక్కన తలుపులు తెరిచిన చిన్న బీరువా, దానిలో నాలుగు సువార్తల పుస్తకాలు, ఒక్కోదాని మీద పేరు. ఐదో శతాబ్దంలో పుస్తకాలను నిలబెట్టకుండా పడుకోబెట్టేవారని ఆ బీరువా చూస్తేనే తెలుస్తుంది.

గల్లా ప్లాచిడియా ఇక్కడ సమాధి అయిందనడానికి ఆధారం లేదు, ఆమె 450లో రోమ్‌లో చనిపోయింది. అయినా ఆ గదిలో నిలబడి ఆమెను తలుచుకోకుండా ఉండలేం. తండ్రి థియోడోసియస్ చక్రవర్తి, అన్న హొనోరియస్ చక్రవర్తి. 410లో అలారిక్ రోమ్‌ను దోచుకున్నప్పుడు గోతులు ఆమెను బందీగా పట్టుకుపోయారు. 414లో వాళ్ళ కొత్త రాజు అతాల్ఫ్‌ను పెళ్ళాడింది. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు, మరుసటి ఏడాది భర్తను చంపేశారు. గోతులు ధాన్యం తీసుకుని ఆమెను రోమన్లకు అప్పగించారు. సేనాని కాన్‌స్టాంటియస్‌తో ఆమెకు రెండో పెళ్ళయింది. అతను చక్రవర్తి అయిన ఏడాదే కన్నుమూశాడు. అన్నతో చెడి పిల్లలతో కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళి తలదాచుకుంది. 425లో ఆరేళ్ళ కొడుకు సింహాసనం ఎక్కితే, వాడి పేరు మీద పన్నెండేళ్ళ పాటు పశ్చిమ సామ్రాజ్యాన్ని నడిపింది. ఇంత జరిగిన మనిషి పేరు ఈ చిన్న నీలి గదికి తగులుకుని ఉండటం నాకు న్యాయంగానే తోచింది.

అదే ఆవరణలో నాలుగడుగుల దూరాన శాన్ విటాలే. ఎనిమిది మూలల చర్చి. పశ్చిమ సామ్రాజ్యం కూలాక ఊరు గోతుల ఏలుబడిలో ఉండగానే బిషప్ ఎక్లేసియస్ మొదలుపెట్టాడు. జూలియానస్ అనే వడ్డీ వ్యాపారి 26,000 బంగారు నాణేలు ఇచ్చాడు. 547లో ప్రతిష్ఠ జరిగేనాటికి ఊరు చేతులు మారిపోయింది. తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని ఏలుతున్న జస్టీనియన్ చక్రవర్తి సేనాని బెలిసారియస్ 540లో రవెన్నాలో అడుగుపెట్టాడు. అందుకే గర్భాలయం గోడల మీద ఒక పక్క జస్టీనియన్, ఎదురుగా రాణి థియోడోరా తమ తమ పరివారంతో నిలబడి ఉన్నారు. ఇద్దరిలో ఒక్కరూ రవెన్నా గడప తొక్కలేదు. కొత్త ప్రభువులు ఎవరో ఊరికి తెలియడానికి వాళ్ళను గోడకు ఎక్కించారు.

జస్టీనియన్ చేతిలో అప్పం పళ్ళెం, థియోడోరా చేతిలో ద్రాక్షారసం గిన్నె. చక్రవర్తి పక్కన ఉన్న ఒక్క బిషప్ తల మీద మాత్రమే పేరు రాసి ఉంది: మాక్సిమియానస్. 546లో పైనుంచి వేసిన బిషప్ ఆయన, ఊళ్ళో పట్టు దొరకడం కష్టమైంది. ఆ పేరు అంత పెద్ద అక్షరాల్లో ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. థియోడోరా వైపు నేను ఎక్కువసేపు నిలబడిపోయాను. కాన్‌స్టాంటినోపుల్ పందేల మైదానంలో ఎలుగుబంట్లు కాసేవాడి కూతురు, నాటకాల్లో ఆడిన మనిషి, రోమన్ ప్రపంచానికి మహారాణి అయింది. ఈ చర్చి పూర్తయిన మరుసటి ఏడాదే చనిపోయింది. బొమ్మలో మనిషి సన్నగా ఉంది. పెద్ద కళ్ళు, వాటి కింద అలసట. కిరీటం నుంచి భుజాల దాకా వేలాడే ముత్యాల పేటలు. అంగీ అంచున జ్ఞానులు ముగ్గురూ బాల యేసుకు కానుకలు తెస్తున్న బొమ్మ కుట్టి ఉంది. గోడ మీది బొమ్మలో, బట్ట మీద, వేలెడంత బొమ్మ!

"అత్తా, కొంచెం పక్కకు జరిగి చూడు" అంది మా పిల్ల. జరిగితే రాణి తల వెనక బంగారు వలయం ఒక్కసారి ఆరిపోయి, మరో అడుగు వేయగానే మళ్ళీ వెలిగింది. అదెలాగో మధ్యాహ్నం తెలిసింది.

దానికి ముందు భోజనం. ఇక్కడివాళ్ళ తిండి పియదీనా. మన చపాతీ కంటే కాస్త మందంగా ఉంటుంది, పెనం మీద కాల్చి, మధ్యలో స్క్వాక్వెరోనే అనే జారే జున్ను, ఆకుకూర పెట్టి మడుస్తారు. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: పాత పద్ధతిలో పిండిలో పంది కొవ్వు కలుపుతారు. ఆలివ్ నూనెతో చేసినది కావాలని ముందే అడగండి, చాలా చోట్ల ఉంటుంది.

మధ్యాహ్నం ఒక చిన్న మొజాయిక్ వర్క్‌షాపులో కూర్చున్నాం. నడిపే ఆమె యాభై దాటిన మనిషి, వేళ్ళ నిండా పాత గాట్లు. ముందు ఒక చెట్టు మొద్దు, దానిలో నిలువుగా దిగ్గొట్టిన ఉలి, చేతిలో రెండు వైపులా పదునున్న వంపు సుత్తి. రంగు గాజు పలకను ఎడమచేతి రెండు వేళ్ళతో ఉలి అంచు మీద పట్టుకుని, సుత్తిని దాదాపు తన బరువుతోనే పడనిచ్చింది. టక్‌మని గాజు రెండయింది. మళ్ళీ టక్. చిటికెన వేలి గోరంత ముక్క. రోమన్ల కాలం నుంచీ ఇవే పనిముట్లు. నేను ప్రయత్నిస్తే, "గట్టిగా కొట్టకండి, సుత్తిని నమ్మండి" అని ఆమె ఇటాలియన్‌లో చెప్పింది, మా పిల్ల తెలుగులో అందించింది.

బంగారు ముక్కను ఆమె అడ్డంగా తిప్పి చూపించింది. కింద మందపాటి గాజు, దాని మీద ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత బంగారు రేకు, పైన మళ్ళీ పలుచని గాజు పొర. రెండు గాజుల మధ్య ఉంటుంది కాబట్టి ఆ బంగారానికి గాలి తగలదు, పదిహేను వందల ఏళ్ళయినా మాయదు. తడి సున్నంలో ఆ ముక్కలను ఒకే చదునులో గుచ్చరు. ఒకటి కాస్త ముందుకు వంచి, ఇంకొకటి పక్కకు వాల్చి పెడతారు. ఎత్తున ఉన్న గోడ అయితే ముక్కలను కింద నిలబడే మనిషి వైపు వంచుతారు. మనం కదిలినప్పుడల్లా ఒక్కో ముక్క ఒక్కోసారి వెలుగు పట్టుకుంటుంది. థియోడోరా తల వెనక ఆరి వెలిగింది ఇదే. ఆరో శతాబ్దంలో నూనె దీపాల మధ్య, ఆ మంటలు కదులుతుంటే, ఆ గోడలు ఎలా ఉండేవో ఊహించుకోండి.

ముక్కను చదునుగా పెడితే ఏమవుతుందని అడిగాను. "బాత్రూమ్ టైల్ అవుతుంది" అంది ఆమె.

సాయంత్రం నెయోన్ బాప్టిస్టరీ (బాప్టిస్టరీ అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరం), ఆర్చ్‌బిషప్ మ్యూజియంలో మాక్సిమియానస్ దంతపు సింహాసనం, సెయింట్ యూఫీమియా చర్చి కింద ఉన్న పాత భవనపు నేల చూశాం. ఈ చివరిది 1993లో అండర్‌గ్రౌండ్ పార్కింగ్ కోసం తవ్వుతుంటే బయటపడింది. పద్నాలుగు గదుల నేలలు, అన్నిటిమీదా రాతి తివాచీల్లాంటి మొజాయిక్‌లు. బాప్టిస్టరీలో మాత్రం కాసేపు కిందికి చూడండి. మనం నిలబడే నేలకు అసలు నేల దాదాపు 3 మీటర్ల కింద ఉంది. ఊరు కుంగుతుంటే, భూగర్భజలం పైకి వస్తుంటే, వీళ్ళు నేల ఎత్తు పెంచుకుంటూ వచ్చారు.

ఆదివారం

డాంటే ఫ్లారెన్స్‌లో 1265లో పుట్టాడు. 1302లో రాజకీయ కక్షల్లో ఆ ఊరు ఆయనను వెళ్ళగొట్టింది, దొరికితే సజీవంగా కాల్చాలని తీర్పు ఇచ్చింది. ఇరవై ఏళ్ళు ఊళ్ళు పట్టి తిరిగాడు. చివరికి రవెన్నా ప్రభువు గీదో నొవెల్లో ఇల్లిచ్చి ఆదరించాడు. ఆయన మహాకావ్యం "డివైన్ కామెడీ"లో మూడో భాగం "పరదీసో" పూర్తయింది ఇక్కడే. 1321లో గీదో తరఫున వెనిస్‌కు రాయబారం వెళ్ళి, బురదనేలల మీదుగా తిరిగి వస్తూ మలేరియా తెచ్చుకుని సెప్టెంబర్‌లో పోయాడు. శాన్ ఫ్రాన్సిస్కో చర్చిలో అంత్యక్రియలు జరిగాయి.

పొద్దున ఆ చర్చికే ముందు వెళ్ళాం. బలిపీఠం కింద కిటికీలోంచి తొంగిచూస్తే కింది అర నీళ్ళతో నిండి ఉంటుంది. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది. నీటి అడుగున పాత మొజాయిక్ నేల, దాని మీద అక్షరాలు, అక్షరాల మీదుగా ఎర్ర చేపలు. పక్కనున్న పిల్లలు చేపల్ని చూస్తున్నారు, నేను అక్షరాలను చూస్తున్నాను.

చర్చి పక్క సందులోనే సమాధి. 1780లో కమిల్లో మొరీజియా కట్టడం మొదలుపెట్టిన చిన్న గుడి, లోపల రాతి పేటిక. దాని మీద చెక్కిన లాటిన్ పద్యం ఫ్లారెన్స్‌ను ప్రేమ చాలని తల్లి అంటుంది. ఆ తల్లి ఊరి ప్రతినిధులే ఏటా సెప్టెంబర్ రెండో ఆదివారం టస్కనీ ఆలివ్ నూనె తెచ్చి ఇక్కడ వేలాడే దీపంలో పోస్తారు. మేం వెళ్ళేసరికే సందంతా నిండిపోయింది. చర్చిలో ప్రార్థన అయ్యాక ఊరి జెండాలు పట్టుకుని నడిచి వచ్చారు. పెద్ద హంగు లేదు. లోపల పది మందికి మించి పట్టరు కాబట్టి మిగతావాళ్ళమంతా బయటే నిలబడ్డాం. నా ముందున్న ఒక పెద్దాయన తనలో తాను ఏవో పంక్తులు చెప్పుకుంటున్నాడు, పుస్తకం లేకుండా.

ఆ పేటిక వెనక ఉన్న కథ ఈ ఊరి స్వభావం చెబుతుంది. డాంటే పేరు పెరిగేకొద్దీ ఫ్లారెన్స్ ఎముకలు తిరిగి ఇమ్మని అడగడం మొదలుపెట్టింది. 1519లో ఫ్లారెన్స్‌కే చెందిన మెదిచీ ఇంటి పోప్ పదో లియో సరేనన్నాడు. ఆ అర్జీ మీద సంతకం చేసిన వాళ్ళలో మైకెలాంజెలో ఒకడు, సమాధి తనే చెక్కుతానని రాశాడు. ప్రతినిధులు వచ్చి పేటిక తెరిస్తే లోపల ఏమీ లేదు. పక్కనున్న ఫ్రాన్సిస్కన్ సన్యాసులు తమ మఠం వైపు గోడకు కన్నం వేసి ఎముకలు ముందే తీసి దాచేశారు. పోప్ ఆజ్ఞకు వాళ్ళు ఎదురు చెప్పలేదు, ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. 1677లో మఠాధిపతి ఆంతోనియో సాంతి వాటిని ఒక చెక్కపెట్టెలో పెట్టి, ఇవి డాంటే ఎముకలని దాని మీద రాయించాడు. 1810లో నెపోలియన్ ఏలుబడిలో మఠాలు మూసేస్తున్నప్పుడు సన్యాసులు వెళ్ళిపోతూ ఆ పెట్టెను పక్క మండపం గోడలో పెట్టి పూడ్చారు. ఎక్కడ పెట్టారో తెలిసినవాళ్ళు లేకుండా పోయారు. 1865లో డాంటే ఆరువందల జయంతికి మరమ్మతులు చేస్తుంటే మే 27న మేస్త్రీ పలుగుకు ఆ పెట్టె తగిలింది.

అంతకు ముందు గొప్ప గొప్పవాళ్ళు వచ్చి దండం పెట్టుకున్నది ఖాళీ పేటికకు. 1819 నుంచి 1821 దాకా ఇదే ఊళ్ళో ఉన్న కవి బైరన్ కూడా వాళ్ళలో ఉన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడతాయని 1944 మార్చిలో ఎముకలను మళ్ళీ తీసి తోటలో పాతిపెట్టారు. 1945 డిసెంబర్ దాకా అక్కడే ఉన్నాయి. తీగ అల్లుకున్న ఆ మట్టిదిబ్బ ఇప్పటికీ ఉంది, మీద చిన్న ఫలకం. ఫ్లారెన్స్‌లో శాంతా క్రోచే చర్చిలో 1829లో కట్టిన డాంటే సమాధి మాత్రం ఖాళీ. ఆయన మీది తీర్పును వెనక్కి తీసుకుంటూ ఫ్లారెన్స్ నగర పాలక మండలి తీర్మానం చేసింది 2008లో.

డాంటే జీవితం రాసిన బొకాచ్చో చెప్పిన మరో కథ ఉంది. డాంటే పోయాక "పరదీసో"లో చివరి పదమూడు సర్గలు కనిపించలేదట. కొడుకు జాకొపోకు తండ్రి కలలోకి వచ్చి గోడలో ఒక గూడు చూపించాడట. వెతికితే ఆ కాగితాలు చెమ్మ పట్టి అందులో దొరికాయట. నిజమో కల్పనో గానీ రవెన్నాలో ఈ కథ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. విలువైనది ఏదైనా గోడలో ఉంటుందని వీళ్ళకు నమ్మకం.

జనం పలచబడ్డాక గుమ్మం దగ్గర నిలబడి మా పిల్ల ఫోనులో "పరదీసో" పందొమ్మిదో సర్గ తీసి చదివింది. అక్కడ డాంటే మనసులో ఒక ప్రశ్న ఉంటుంది. సింధు నది ఒడ్డున ఒకడు పుట్టాడు. క్రీస్తు గురించి చెప్పేవాడు గానీ, చదివి వినిపించేవాడు గానీ, రాసి ఇచ్చేవాడు గానీ అక్కడ లేడు. అతని పనులన్నీ మంచివే, మాటలోనూ చేతలోనూ పాపం లేదు. బాప్తిస్మం లేకుండా చనిపోతాడు. వాడిని శిక్షించే న్యాయం ఏది? వాడి తప్పేమిటి? జవాబుగా దేవుడి న్యాయం లోతు మనిషి కొలవలేడని వినవస్తుంది. దాంతో డాంటేకు తృప్తి కలిగిందో లేదో గానీ, ఇల్లు లేని ఒక మనిషి ఇంత దూరాన కూర్చుని, తను ఎన్నడూ చూడని నది ఒడ్డు మనిషి కోసం ఆ ప్రశ్న వేయడం నన్ను కదిలించింది. తెలుగులో మళ్ళీ చెప్పించుకుని విన్నాను.

మధ్యాహ్నం సాంత్ అపొల్లినారే నువోవో. రవెన్నాలో నా మనసు చిక్కుకున్నది ఇక్కడే.

దీన్ని కట్టించినవాడు థియోడోరిక్, గోతుల్లో మరో శాఖ అయిన ఆస్ట్రోగోతుల రాజు. పిల్లవాడిగా కాన్‌స్టాంటినోపుల్‌లో పదేళ్ళు జామీనుగా ఉండి పెరిగాడు. తరువాత ఇటలీ మీదికి వచ్చి, 493లో రవెన్నాలో విందుకు పిలిచి, అప్పటిదాకా ఇటలీని ఏలిన ఒడొయాకర్‌ను తన చేత్తోనే నరికాడు. అలా వచ్చినవాడు ముప్పై మూడేళ్ళు ఇటలీని ప్రశాంతంగా ఏలాడు. గోతులు ఏరియన్ క్రైస్తవులు. కుమారుడైన క్రీస్తు తండ్రి అయిన దేవుడు సృష్టించినవాడే గానీ తండ్రితో సమానుడు కాడని వాళ్ళ నమ్మకం. 325లోనే నైసియా సభ దాన్ని మతద్రోహం అంది. అయినా థియోడోరిక్ ఊళ్ళో రెండు మతాలవాళ్ళకూ వేరువేరు చర్చిలు, వేరువేరు బాప్టిస్టరీలు పక్కపక్కనే నడిచాయి. రవెన్నా జనం యూదుల మందిరాలు తగలబెడితే మళ్ళీ కట్టే ఖర్చు ఊరే భరించాలని ఆజ్ఞ ఇచ్చాడు. మతాన్ని ఆజ్ఞాపించలేం, ఇష్టం లేకుండా ఎవడూ నమ్మడు అని ఆయన తరఫున వెళ్ళిన లేఖ ఒకటి మిగిలింది. చివరి రోజుల్లో అనుమానం పెరిగి తత్వవేత్త బొయేథియస్‌ను చంపించాడన్నదీ నిజమే. రెండూ ఒక మనిషివే.

చర్చి పొడవునా రెండు వైపులా మొజాయిక్ ఊరేగింపులు. కుడివైపు ఇరవై ఆరుగురు అమరులు, ఎడమవైపు ఇరవై ఇద్దరు కన్యలు, వాళ్ళ ముందు ఎర్ర టోపీలతో జ్ఞానులు ముగ్గురు. తెల్ల బట్టలు, వెనక బంగారు రంగు, కాళ్ళ దగ్గర పూలు. అందరూ ఆ ఊరేగింపునే ఫోటోలు తీస్తున్నారు. వాళ్ళు ఎక్కడినుంచి బయల్దేరారో చూడండి. కుడివైపు మొదట్లో ఒక రాజభవనం, మీద పెద్ద అక్షరాలతో భవనం అని లాటిన్‌లో రాసి ఉంది. కమానుల మధ్య తెల్లని తెరలు ముడివేసి వేలాడుతున్నాయి.

ఆ తెరలు మొదట లేవు. అక్కడ మనుషులు ఉండేవారు, థియోడోరిక్ కొలువు వాళ్ళు. బైజాంటియం వాళ్ళు, అంటే జస్టీనియన్ తూర్పు రోమన్లు, ఊరు తీసుకున్నాక, 561 ప్రాంతంలో బిషప్ అగ్నెల్లస్ ఈ చర్చిని తమ మతానికి మార్చాడు. గోడ మీది రాజునూ పరివారాన్నీ ముక్క ముక్కగా పీకించి, ఆ ఖాళీలను తెరలతో పూడ్పించాడు. ఊరేగింపులను కూడా అప్పుడే వేయించాడు. కానీ కమానుల స్తంభాలు అలాగే ఉంచారు. పాత మనుషుల చేతులు కొన్ని ఆ స్తంభాల మీదికి వచ్చి ఉన్నాయి, వాటిని తీయలేదు. ఇప్పుడు చూస్తే తెల్లటి స్తంభం మీద ఒక అరచెయ్యి, వేళ్ళు చాచి, మణికట్టు దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఆ తరువాత తెర. మరో స్తంభం మీద మరో చెయ్యి.

"అత్తా, మర్చిపోయారంటావా?" అని అడిగింది మా పిల్ల. నాకు అలా అనిపించలేదు. మొహాలు పీకిన పనివాడికి ఆ చేతులు కనబడకుండా ఉండవు. నిన్న ఆ వర్క్‌షాపులో ఒక్క ముక్క పెట్టడానికి ఎంత సేపు పట్టిందో చూశాం. స్తంభం విప్పి మళ్ళీ కట్టడం పెద్ద పని. కూలి అంతవరకే అయి ఉండొచ్చు. లేక ఆ గోడ మీద అంతకు ముందు తన తండ్రో గురువో పని చేసి ఉండొచ్చు. ఏదైతేనేం, పద్నాలుగు వందల ఏళ్ళుగా ఆ చేతులు స్తంభాన్ని పట్టుకునే ఉన్నాయి. ఎదుటి గోడ మీద క్లాస్సే రేవు బొమ్మలో కూడా కోట గోడ ముందు కొన్ని ఆకారాలు తీసేసిన జాడ కనిపిస్తుంది, బంగారు ఇటుకల రంగు అక్కడ తేడాగా ఉంటుంది.

బయటికొచ్చి ఏరియన్ బాప్టిస్టరీకి నడిచాం. చిన్నది, లోపల గోడలు బోసి. కప్పులో మాత్రం క్రీస్తు నడుము లోతు నీళ్ళలో, పక్కన జోర్డాన్ నది ముసలివాడి రూపంలో కూర్చుని ఉంది, అతని తల మీద ఎర్రటి పీత డెక్కలు. గోతుల నమ్మకం మిగిలిన చోట్లలో ఇది ఒకటి.

సోమవారం

క్లాస్సే ఊరికి దక్షిణంగా ఎనిమిది కిలోమీటర్లు, సిటీ బస్సు వెళ్తుంది. ఒకప్పటి రేవు ఇప్పుడు పొలాలు. వాటి మధ్య 549లో ప్రతిష్ఠ చేసిన చర్చి, పక్కన గుండ్రటి గంట గోపురం. లోపల గోడలు వట్టి ఇటుక. వాటిమీది పాలరాతిని 1449లో రిమినీ ప్రభువు మలతెస్తా తన గుడి కోసం ఊడదీసి పట్టుకుపోయాడు. గర్భాలయం పైన మొజాయిక్‌ను మాత్రం ఎవరూ ముట్టలేదు. పచ్చిక, పూలు, పక్షులు, పన్నెండు గొర్రెలు, మధ్యలో చేతులెత్తిన బిషప్ అపొల్లినారే. పైన నీలి వలయంలో 99 నక్షత్రాలు, రత్నాల శిలువ, దాని నడిమధ్యన బొటనవేలంత క్రీస్తు ముఖం. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్ళండి. దగ్గర్లోనే పాత చక్కెర ఫ్యాక్టరీలో 2018లో తెరిచిన మ్యూజియం ఉంది, రేవు తవ్వకాల్లో దొరికినవి అక్కడ పెట్టారు.

రైలుకు ముందు థియోడోరిక్ సమాధి. స్టేషన్‌కు అవతలి వైపు, నడిచి వెళ్ళేంత దూరం. ఊళ్ళో మిగతావన్నీ ఇటుక, ఇది ఒక్కటే రాయి. ఆడ్రియాటిక్ అవతల ఇస్త్రియా నుంచి తెప్పించి, సున్నం లేకుండా పేర్చారు. కింది అంతస్తు పది పలకలు. పైకప్పు ఒకే రాయి, దాదాపు 11 మీటర్ల వెడల్పు, రెండొందల టన్నులకు పైమాటే. చుట్టూ పన్నెండు రాతి చెవులు, వాటిమీద క్రీస్తు శిష్యుల, సువార్తికుల పేర్లు. సముద్రం మీద ఎలా తెచ్చారో, అంత ఎత్తుకు ఎలా ఎక్కించారో పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. కప్పు మీద ఒక పగులు ఉంది. పిడుగుకు భయపడి రాజు ఇక్కడ దాక్కుంటే పిడుగు కప్పు చీల్చుకుని వచ్చి చంపిందని జనం చెప్పుకునే కథ. ఓడిన మతం రాజుకు గెలిచినవాళ్ళు కట్టిన చావు అది.

పై అంతస్తులో నీళ్ళ తొట్టి ఆకారంలో ముదురు ఊదా రాతి పేటిక, అంచు విరిగి ఉంది. శరీరం లేదు, బైజాంటియం వాళ్ళు దీన్ని చర్చిగా మార్చుకున్నప్పుడే తీసేశారు. గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహాన్ని 801లో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ జర్మనీలోని తన ఊరు ఆహెన్‌కు తీసుకుపోయాడు, ఆ తరువాత దాని జాడ లేదు. శాన్ విటాలే చూసి ముచ్చటపడి తన ఊళ్ళో అలాంటి ప్రార్థనాలయమే కట్టించుకున్నదీ షార్లమేనే.

మా పిల్లకు బుధవారం పరీక్ష ఉంది, రైలెక్కగానే పుస్తకం తీసింది. మీరు వెళ్తే గల్లా ప్లాచిడియాకు పొద్దుటి సమయం బుక్ చేసుకోండి, ఎండ వాలుగా ఉన్నప్పుడు ఆ రాతి కిటికీలు బాగుంటాయి. ఒక్క పూటే వీలైతే మిగతావి వదిలేసి సాంత్ అపొల్లినారే నువోవోకు వెళ్ళండి. లోపలికి వెళ్ళాక కుడివైపు గోడ, మొదటి బొమ్మ. స్తంభాలు చూడండి.